క్షేత్రపరిశోధన డేటాబేస్‌ల భద్రత - ఫైల్ వ్యవస్థ గుప్తీకరణ: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నేపథ్యం

వ్యాససంగ్రహం:

తెలుగు భాషా, జానపద, సామాజిక పరిశోధనల్లో క్షేత్రపర్యటన ద్వారా సేకరించే సమాచారం నేడు కాగితాల నుంచి డేటాబేస్‌లకు మారింది. సమాచారదాతల పేర్లు, కులం, ఊరు, గొంతు, వారు నమ్మకంతో చెప్పిన మాటలు విభాగాల సర్వర్లలో నిల్వ ఉంటున్నాయి. ఈ నిల్వను కాపాడే ఉపాయాల్లో ఫైల్ వ్యవస్థ గుప్తీకరణ ముఖ్యమైనది. అది పనిచేసే తీరును, దాని బలాన్ని, పరిమితులను తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల చారిత్రక, భౌగోళిక నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం. తెలుగు ఫైలు పేర్ల విషయంలో తలెత్తే ప్రత్యేక సమస్యను, కరెంటు అంతరాయం, తుఫాను, వరదల దృష్ట్యా తాళంచెవిని నిర్వహించవలసిన పద్ధతిని కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: క్షేత్రపరిశోధన, సమాచారదాత, డేటాబేస్, గుప్తీకరణ, ఫైల్ వ్యవస్థ, తాళంచెవి, స్టూవర్టుపురం, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో క్షేత్రపర్యటన ఆధారంగా సాగిన శాస్త్రీయ పరిశోధనకు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశాలు గట్టి పునాది వేశాయి. వ్యవసాయ పదాల సంపుటం 1962లోను, చేనేత పదాల సంపుటం 1971లోను వెలువడ్డాయి. ఆనాడు సేకరించిన పదాలు చీటీల మీద ఉండేవి. చీటీలున్న గదికి తాళం వేస్తే సమాచారానికి కూడా తాళం పడినట్లే. నేటి పరిశోధకుడు సేకరించిన ధ్వనిముద్రణలు, ఛాయాచిత్రాలు, ప్రశ్నావళులు ఒక సర్వర్‌లోని డేటాబేస్‌లో చేరుతున్నాయి. గదికి తాళం వేసినా, ఆ సర్వర్‌లోని డిస్క్ మరమ్మతుకు వెళ్ళినప్పుడో, పాత సామానుగా అమ్ముడుపోయినప్పుడో సమాచారమంతా దానితోపాటే బయటికి పోతుంది.

డేటాబేస్‌కు పాస్‌వర్డ్ ఉన్నది కదా అన్న భావన చాలామందిలో ఉంది. ఆ పాస్‌వర్డ్ అడిగేది డేటాబేస్ నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రమే. డిస్క్‌ను విప్పి మరొక కంప్యూటర్‌కు తగిలించినవాడు ఆ సాఫ్ట్‌వేర్ జోలికే పోనక్కర లేదు. పట్టికలు నిల్వ ఉన్న ఫైళ్ళను నేరుగా తెరచి చదువుకోవచ్చు. వాకిటి తలుపుకు గడియ పెట్టి పెరటి గోడ కట్టని ఇంటితో ఈ స్థితిని పోల్చవచ్చు. ఫైల్ వ్యవస్థ గుప్తీకరణ ఆ పెరటి గోడ వంటిది.

2. పరిభాష - సంకేతీకరణ, గుప్తీకరణ:

తెలుగు రచనల్లో సంకేతీకరణ, గుప్తీకరణ అనే మాటలను ఒకే అర్థంలో వాడటం కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య భేదం ఉంది. ఒక అక్షరానికి ఒక సంఖ్యను అందరికీ తెలిసిన పట్టిక ప్రకారం కేటాయించడం సంకేతీకరణ. యూనికోడ్ ఇందుకు ఉదాహరణ. దానిలో రహస్యం ఏదీ లేదు. తాళంచెవి ఉన్నవారు తప్ప ఇతరులు చదవలేని విధంగా సమాచారాన్ని మార్చడం గుప్తీకరణ. దానిని తిరిగి మామూలు రూపానికి తేవడం విగుప్తీకరణ.

రహస్య రచన భారతీయ సంప్రదాయానికి కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం గూఢచారుల ప్రకరణంలో గూఢలేఖ్యాన్ని ప్రస్తావించింది. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో మ్లేచ్ఛితవికల్పం ఒకటి. అయితే ఈ పాత పద్ధతుల్లో పద్ధతి తెలిసినవాడికి రహస్యమూ తెలిసిపోయే అవకాశం ఎక్కువ.

ఈ భేదాన్ని గ్రహించడానికి రేపల్లె సమీపంలోని భట్టిప్రోలు మంచి ఉదాహరణ. 1892లో అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాల్లో అక్కడి స్తూపం నుంచి ధాతుకరండాలు బయటపడ్డాయి. వాటి మీది శాసనాలను జార్జ్ బూలర్ చదివి ప్రకటించాడు. సాధారణ బ్రాహ్మీలో హల్లులోనే ఇమిడి ఉండే అకారాన్ని ఈ లిపి ప్రత్యేక గుర్తుతో చూపిస్తుంది. ఈ మర్మం తెలిసేవరకు చదవడం కష్టం. తెలిసిన తరువాత ఎవరైనా చదవవచ్చు. కనుక భట్టిప్రోలు లిపి తెలియని లిపి మాత్రమే, గుప్తలిపి కాదు. మంచి గుప్తీకరణలో పద్ధతి లోకమంతటికీ తెలిసినా, తాళంచెవి తెలియనంతవరకు రహస్యం నిలవాలి. 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ ప్రతిపాదించిన ఈ సూత్రమే ఆధునిక గుప్తీకరణకు ఆధారం. నేడు విరివిగా వాడుతున్న ఏఈఎస్ పద్ధతిని 2001లో అమెరికా ప్రమాణంగా బహిరంగంగా ప్రకటించారు. దాని ప్రతి మెట్టూ పుస్తకాల్లో ఉంది. బలమంతా తాళంచెవిలోనే ఉంది.

3. ఈ ప్రాంతంలో సమాచారం ఎందుకు సున్నితమైనది:

3.1 స్టూవర్టుపురం అనుభవం:

బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం 1910 దశకంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడిన సెటిల్‌మెంటు. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911 చట్టం ద్వారా మద్రాసు రాజధానికి విస్తరింపజేశారు. ఆ చట్టం కింద ఒక సమూహంలో పుట్టిన కారణంగానే మనుషుల పేర్లు రిజిస్టర్లకు ఎక్కాయి. వేలిముద్రలు తీసుకొన్నారు. ఊరు దాటి వెళ్ళాలంటే అనుమతి కావలసి వచ్చింది. ఈ చరిత్రను మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తన గ్రంథంలో విస్తృతంగా చర్చించారు. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. రిజిస్టర్ రద్దయినా ఊరి పేరుకు అంటిన ముద్ర అంత త్వరగా పోలేదు.

పేరు, ఊరు, కులం, వేలిముద్ర అనే నాలుగు గడులున్న పట్టిక ఒక మనిషి జీవితాన్ని ఎంతగా శాసించగలదో ఈ ఊరి చరిత్ర చెబుతుంది. నేటి పరిశోధకుడు ఎరుకల భాష మీదనో, సోది సంప్రదాయం మీదనో పనిచేస్తూ తయారు చేసుకొనే పట్టికలోనూ దాదాపు అవే గడులు ఉంటాయి. వేలిముద్రకు బదులు గొంతు ఉంటుంది. ఉద్దేశం వేరు కావచ్చు. కానీ చేతులు మారిన పట్టికకు తొలి ఉద్దేశం గుర్తుండదు.

3.2 సాక్ష్యాలు, జీవనకథనాలు:

తెనాలికి సమీపంలోని చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులపై హత్యాకాండ జరిగింది. ప్రత్యేక న్యాయస్థానం ఆ గ్రామంలోనే ఏర్పడి 2007లో తీర్పు ఇచ్చింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. ఇటువంటి సంఘటనల చుట్టూ దళిత సాహిత్యం, మౌఖిక చరిత్ర పరిశోధనలు సాగుతాయి. చెప్పినవారు, ఎవరిని గురించి చెప్పారో వారు ఒకే ప్రాంతంలో నివసిస్తూ ఉండవచ్చు. పేరు మార్చి వ్యాసంలో ప్రచురించిన మాట, అసలు పేరుతో, అసలు గొంతుతో సర్వర్‌లో ఉంటుంది.

కృష్ణా డెల్టాలో కౌలురైతుల అప్పుల గురించి, నిజాంపట్నం తీరంలో మత్స్యకారుల జీవనం గురించి, యానాదుల కూలిపనుల గురించి సేకరించే కథనాలకూ ఇదే వర్తిస్తుంది. భూమి యజమాని గురించి కౌలుదారు చెప్పిన ఒక్క వాక్యం బయటికి పొక్కితే మరుసటి సాగుకాలం కౌలు దొరకకపోవచ్చు. సమాచార భద్రతను కంప్యూటర్ విభాగానికి వదిలివేయదగిన విషయంగా తెలుగు పరిశోధకులు భావించరాదనడానికి ఇదే కారణం.

3.3 చట్టం చెప్పేది:

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టంలోని 8వ సెక్షన్ తగిన భద్రతా చర్యలను తప్పనిసరి చేసింది. ఆ బాధ్యతను విస్మరిస్తే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. 2025 నవంబరులో వెలువడిన నియమాలు భద్రతా చర్యల్లో గుప్తీకరణను పేర్కొన్నాయి. వీటి అమలు దశలవారీగా జరుగుతుంది.

17వ సెక్షన్ పరిశోధనకు మినహాయింపు ఇచ్చిందని కొందరు నిశ్చింతగా ఉంటారు. ఆ మినహాయింపుకు రెండు షరతులున్నాయి. సేకరించిన సమాచారాన్ని ఆ వ్యక్తికి సంబంధించిన నిర్ణయాలకు వాడరాదు. నిర్దేశించిన ప్రమాణాలను పాటించాలి. ఆ ప్రమాణాల్లో భద్రతా జాగ్రత్తలు కూడా భాగమే. కనుక మినహాయింపు పొందాలన్నా భద్రత అవసరమే.

4. గుప్తీకరణ ఏ స్థాయిలో జరగాలి:

డేటాబేస్ సమాచారం డిస్క్ మీదికి చేరేలోగా కొన్ని అంతస్తులు దిగుతుంది. పైన డేటాబేస్ సాఫ్ట్‌వేర్, దాని కింద ఫైల్ వ్యవస్థ, అడుగున డిస్క్ ఉంటాయి. గుప్తీకరణను వీటిలో ఏ అంతస్తులోనైనా అమర్చవచ్చు.

4.1 డిస్క్ స్థాయి:

లినక్స్‌లో డీఎం-క్రిప్ట్ అనే భాగం, దానిపై లక్స్ అనే ప్రామాణిక అమరిక ఈ పని చేస్తాయి. డిస్క్‌లోని ఒక విభాగమంతా గుప్తరూపంలో ఉంటుంది. రాసేటప్పుడు గుప్తీకరణ, చదివేటప్పుడు విగుప్తీకరణ కెర్నల్‌లోనే జరుగుతాయి. పైనున్న డేటాబేస్‌కు ఈ సంగతి తెలియదు, తెలియనక్కరలేదు. సాధారణంగా ఏఈఎస్‌ను ఎక్స్‌టీఎస్ అనే విధానంలో వాడతారు. దీనిలో ప్రతి సెక్టారు సంఖ్య కూడా లెక్కలోకి వస్తుంది. అందువల్ల ఒకే పేరు పట్టికలో వందసార్లు వచ్చినా, డిస్క్ మీద వేర్వేరు చోట్ల వేర్వేరు రూపాల్లో కనిపిస్తుంది. ఫైళ్ళ పేర్లు, పరిమాణాలు, తేదీలు కూడా మరుగున పడతాయి.

4.2 ఫైల్ స్థాయి:

డిస్క్ అంతా కాకుండా డేటాబేస్ ఉన్న డైరెక్టరీని మాత్రమే గుప్తీకరించడం రెండో మార్గం. 2006లో లినక్స్ కెర్నల్‌లో చేరిన ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్, 2015లో ఎక్స్‌టీ4 ఫైల్ వ్యవస్థకు వచ్చిన ఎఫ్‌ఎస్‌క్రిప్ట్, 2019లో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్‌కు చేరిన గుప్తీకరణ ఈ కోవలోనివి. ఒకే సర్వర్‌లో ఇద్దరు పరిశోధకుల సమాచారాన్ని రెండు వేర్వేరు తాళంచెవులతో ఉంచడానికి ఇవి అనువైనవి. ఎఫ్‌ఎస్‌క్రిప్ట్‌లో ఫైలు లోపలి విషయం, పేరు దాగుతాయి. పరిమాణం, తేదీ, అనుమతులు దాగవు. పైగా ఎఫ్‌ఎస్‌క్రిప్ట్‌ను ఖాళీ డైరెక్టరీకి మాత్రమే వర్తింపజేయగలం. ముందే ఉన్న డేటాబేస్‌ను కొత్త డైరెక్టరీలోకి నకలు చేయాలి. పాత నకలు తొలగించినా దాని ఆనవాళ్ళు డిస్క్‌లో, ముఖ్యంగా ఎస్‌ఎస్‌డీలో, మిగిలిపోవచ్చు. కనుక సమాచారం చేరకముందే గుప్తీకరణను సిద్ధం చేసుకోవడం ఉత్తమం.

4.3 డేటాబేస్ స్థాయి:

మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి ఇన్నోడీబీ పట్టికల ఫైళ్ళను గుప్తీకరించే సదుపాయం ఉంది. అయితే ఉచిత ప్రతిలోని సాధారణ అమరికలో తాళంచెవి అదే సర్వర్‌లో ఒక ఫైలుగా ఉంటుంది. తాళాన్ని, చెవిని ఒకే కొక్కేనికి తగిలించినట్లు ఇది. పోస్ట్‌గ్రెస్ సమాజ ప్రతిలో మొత్తం నిల్వను గుప్తీకరించే అంతర్గత సదుపాయం లేదు. పీజీక్రిప్టో అనే అనుబంధంతో ఒక్కొక్క గడిని గుప్తీకరించవచ్చు. అలా చేసిన గడిలో వెతకడం, అకారాది క్రమంలో పెట్టడం కష్టమవుతాయి. పదకోశం వంటి డేటాబేస్‌కు అది పనికిరాదు. సమాచారదాత పేరు, ఫోన్ నంబరు వంటి గడులకు సరిపోతుంది.

4.4 తెలుగు ఫైలు పేర్ల సమస్య:

ఈ విషయం ఆంగ్ల మార్గదర్శకాల్లో సాధారణంగా కనిపించదు. లినక్స్‌లో ఫైలు పేరు పరిమితి అక్షరాల్లో కాక బైట్‌లలో ఉంటుంది. ఆ పరిమితి 255 బైట్‌లు. ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌లో పేర్లను కూడా గుప్తీకరిస్తే ఇది 143కు తగ్గుతుంది. యూటీఎఫ్-8లో ఆంగ్ల అక్షరానికి ఒక బైట్ చాలు. తెలుగులో అచ్చుకు, హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు ఒక్కొక్కదానికి మూడేసి బైట్‌లు కావాలి.

ఉదాహరణకు ‘స్టూవర్టుపురం’ అన్న మాట చూపుకు ఐదు అక్షరాలే. యూనికోడ్‌లో అది పదమూడు సంకేతాలు, అంటే 39 బైట్‌లు. 143 బైట్‌లలో గరిష్ఠంగా 47 తెలుగు సంకేతాలు పడతాయి. ఊరు, వృత్తి, సమాచారదాత, తేదీ కలిపి తెలుగులో పేర్లు పెట్టిన ధ్వనిముద్రణలను అటువంటి డైరెక్టరీకి నకలు చేసేటప్పుడు పొడవైన పేర్లున్నవి చేరకుండా ఆగిపోతాయి. ఎఫ్‌ఎస్‌క్రిప్ట్‌లో, డిస్క్ స్థాయి గుప్తీకరణలో ఈ కుదింపు లేదు. ఏ పద్ధతి వాడినా, ఫైలుకు సంఖ్యారూపమైన గుర్తు పెట్టి వివరాలను డేటాబేస్‌లో ఉంచడం మేలు. దీనివల్ల సమాచారదాత పేరు ఫైలు పేరులో బయటపడే ప్రమాదం కూడా తప్పుతుంది.

5. తాళంచెవికి తాళం:

సంకేతవాక్యమే తాళంచెవి అని సాధారణంగా అనుకొంటారు. లక్స్‌లో అలా కాదు. డిస్క్‌ను గుప్తీకరించే మూలతాళంచెవి యంత్రం యాదృచ్ఛికంగా పుట్టించినది. దానిని ఎవరూ చూడరు, కంఠస్థం చేయరు. ఆ మూలతాళంచెవిని సంకేతవాక్యంతో గుప్తీకరించి డిస్క్ మొదట్లోని శీర్షభాగంలో దాచుతారు. అటువంటి అరలు లక్స్ మొదటి రూపంలో ఎనిమిది, రెండో రూపంలో ముప్పై రెండు వరకు ఉండవచ్చు. ఒక్కొక్క అరకు ఒక్కొక్క సంకేతవాక్యం ఉంటుంది. ఏది సరిపోయినా మూలతాళంచెవి బయటికి వస్తుంది. తిజోరీ చెవిని పెట్టిన చిన్న పెట్టెకు పలువురి దగ్గర వేర్వేరు తాళంచెవులు ఉన్నట్లు ఈ ఏర్పాటు.

ఈ నిర్మాణం వల్ల కొన్ని ప్రయోజనాలు, కొన్ని ప్రమాదాలు ఉన్నాయి. సంకేతవాక్యం మార్చడానికి డిస్క్ అంతటినీ తిరిగి రాయనక్కరలేదు. ఒక అరను మార్చితే చాలు. పరిశోధన ముగించి వెళ్ళిన విద్యార్థి అరను తొలగించవచ్చు. కాని ఆ విద్యార్థి దగ్గర పాత శీర్షభాగపు నకలు ఉంటే, డిస్క్ చేతికి చిక్కిననాడు పాత సంకేతవాక్యంతోనే తెరవగలడు. అటువంటి అనుమానం ఉన్నప్పుడు మూలతాళంచెవినే మార్చి మొత్తం తిరిగి గుప్తీకరించాలి. మరొక ప్రమాదం శీర్షభాగం చెడిపోవడం. అది చెడితే సరైన సంకేతవాక్యం తెలిసినా డిస్క్ తెరుచుకోదు. అందువల్ల శీర్షభాగపు నకలు వేరుగా, భద్రంగా ఉంచుకోవడం తప్పనిసరి.

సంకేతవాక్యాన్ని ఊహించి ప్రయత్నించేవారిని అడ్డుకోవడానికి లక్స్ రెండో రూపం ఆర్గాన్2 అనే ప్రక్రియను వాడుతుంది. ఒక్కొక్క ప్రయత్నానికి అధిక జ్ఞాపకశక్తి, సమయం ఖర్చయ్యేలా అది చేస్తుంది. అయినా ప్రసిద్ధ పద్యపాదాన్నో, సామెతనో సంకేతవాక్యంగా పెట్టుకోవడం తెలుగువారికి సహజమైన పొరపాటు. అందరికీ తెలిసిన పాదం ఊహించేవాడికీ తెలుసు. పరస్పర సంబంధం లేని ఆరేడు మాటలను యాదృచ్ఛికంగా ఎంచుకోవడం మంచిది. సర్వర్ ప్రారంభ దశలో తెలుగు కీబోర్డు అందుబాటులో ఉండదు కాబట్టి ఆ మాటలను రోమన్ లిపిలో టైపు చేయగల రూపంలో పెట్టుకోవాలి.

6. కాపాడేది, కాపాడనిది:

ఫైల్ వ్యవస్థ గుప్తీకరణ నిద్రాణ సమాచారాన్ని, అంటే యంత్రం ఆగి ఉన్నప్పుడు డిస్క్ మీద ఉన్నదానిని కాపాడుతుంది. సర్వర్ దొంగతనం జరిగినా, వారంటీ కింద డిస్క్‌ను కంపెనీకి తిప్పి పంపినా, కాలం చెల్లిన యంత్రాన్ని కళాశాల వేలం వేసినా సమాచారం బయటపడదు. చెడిపోయిన డిస్క్‌ను చెరపడం కూడా సాధ్యం కాదు గనుక ఈ రక్షణ విలువ ఎక్కువ.

యంత్రం నడుస్తున్నప్పుడు పరిస్థితి వేరు. తాళంచెవి సర్వర్ జ్ఞాపకంలో ఉంటుంది. ఫైల్ వ్యవస్థ తెరిచి ఉంటుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ సంపాదించినవాడికి, వెబ్ పుటలోని లోపం ద్వారా ప్రశ్నలు పంపగలిగినవాడికి, సర్వర్ నిర్వాహకుడికి సమాచారం మామూలు రూపంలోనే అందుతుంది. వారి దృష్టిలో గుప్తీకరణ ఉన్నా లేనట్లే. యంత్రాన్ని ఆపిన కొద్ది క్షణాల వరకు జ్ఞాపకంలో తాళంచెవి మిగిలి ఉండగలదని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం 2008లో నిరూపించింది.

మరొక పరిమితి సమగ్రతకు సంబంధించినది. ఎక్స్‌టీఎస్ విధానం చదవనీయకుండా ఆపుతుంది గాని, ఎవరైనా గుప్తరూపాన్ని చెడగొడితే ఆ మార్పును గుర్తించదు. చట్టపరమైన పరిమితి కూడా ఉంది. సమాచార సాంకేతిక చట్టంలోని 69వ సెక్షన్ కింద నిర్దిష్ట కారణాలపై విగుప్తీకరణకు సహకరించవలసిందిగా ప్రభుత్వం ఆదేశించవచ్చు. కనుక బయటపడితే ప్రాణానికో, జీవనోపాధికో ముప్పు తెచ్చే పేర్లను అసలు డేటాబేస్‌లో చేర్చకపోవడమే అన్నిటికంటే గట్టి రక్షణ. సమాచారదాతలకు సంఖ్యలు ఇచ్చి, సంఖ్యకు పేరుకు గల సంబంధాన్ని వేరొక చోట ఉంచడం దీనికి అనువైన పద్ధతి.

7. డేటాబేస్ విడిచే జాడలు:

పట్టికలున్న డైరెక్టరీని గుప్తీకరించి తృప్తిపడటం సాధారణంగా జరిగే పొరపాటు. డేటాబేస్ తన సమాచారాన్ని అనేక చోట్ల విడుస్తుంది.

1. మార్పుల చిట్టా: పోస్ట్‌గ్రెస్‌లో ముందస్తు చిట్టా, మైఎస్‌క్యూఎల్‌లో బైనరీ చిట్టా ప్రతి మార్పునూ నమోదు చేస్తాయి. వీటిని వేరే డిస్క్‌కు మళ్ళించి ఉంటే దానినీ గుప్తీకరించాలి.

2. తాత్కాలిక ఫైళ్ళు: పెద్ద పట్టికను అకారాది క్రమంలో పెట్టేటప్పుడు కొంత భాగం తాత్కాలిక డైరెక్టరీలో పడుతుంది.

3. స్వాప్: జ్ఞాపకం చాలనప్పుడు యంత్రం కొంత భాగాన్ని డిస్క్ మీదికి దించుతుంది. ఆ భాగంలో సమాచారదాత పేరు ఉండవచ్చు, పాస్‌వర్డ్ కూడా ఉండవచ్చు.

4. ప్రశ్నల చిట్టా: నెమ్మదిగా నడిచిన ప్రశ్నలను నమోదు చేసే ఫైలులో, వెతికిన పేర్లు యథాతథంగా ఉంటాయి.

5. బ్యాకప్: డేటాబేస్ నుంచి తీసిన నకలు మామూలు పాఠంగా వెలువడుతుంది. దానిని పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకువెళితే సర్వర్‌లోని గుప్తీకరణ దాని వెంట రాదు. నకలును సర్వర్ దాటకముందే వేరుగా గుప్తీకరించాలి.

మొదటి నాలుగింటికి సరళమైన పరిష్కారం డిస్క్ అంతటినీ గుప్తీకరించడం. ఈ కారణంగానే డేటాబేస్ సర్వర్లకు ఫైల్ స్థాయి కంటే డిస్క్ స్థాయి పద్ధతి, లేదా రెండింటి కలయిక ఎక్కువ అనుకూలమని చెప్పవచ్చు. వేగం తగ్గుతుందన్న భయం కూడా నేడు పెద్దగా లేదు. 2010 నుంచి ప్రాసెసర్లలో ఏఈఎస్ లెక్కలకు ప్రత్యేక ఆదేశాలు చేరుతూ వచ్చాయి.

8. కరెంటు, తుఫాను, వరద - తాళంచెవి నిర్వహణ:

8.1 తిరిగి ప్రారంభమయ్యే వేళ:

గుప్తీకరించిన సర్వర్ కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ సంకేతవాక్యం కోసం ఎదురుచూస్తుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూసిన తీరం ఇది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ఇటువంటి చోట అర్ధరాత్రి సంకేతవాక్యం కొట్టేదెవరన్న ప్రశ్న తీసివేయదగినది కాదు. దీనికి మూడు మార్గాలున్నాయి. నిర్వాహకుడు స్వయంగా వచ్చి కొట్టడం మొదటిది. ప్రారంభ దశలోనే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరం నుంచి కొట్టడం రెండోది. యంత్రంలోని టీపీఎం చిప్‌లో తాళంచెవిని ఉంచి తనంతట తానే తెరుచుకొనేలా చేయడం మూడోది. మూడో మార్గం సౌకర్యమైనదే. అయితే దొంగ డిస్క్‌ను కాక మొత్తం యంత్రాన్నే ఎత్తుకుపోతే అది దొంగ ఇంట్లోనూ తెరుచుకొంటుంది. ప్రత్యేకమైన గది, కాపలా లేని కళాశాల విభాగాలకు రెండో మార్గం మేలైనది.

ఇక్కడే మరొక చిక్కు ఉంది. గుప్త విభాగం తెరుచుకోకముందే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మొదలైతే, అది అదే పేరుగల ఖాళీ డైరెక్టరీలో కొత్త డేటాబేస్‌ను సృష్టించుకొని మామూలు రూపంలో రాయడం ప్రారంభించే ప్రమాదం ఉంది. గుప్త విభాగం చేరిన తరువాతనే డేటాబేస్ మొదలయ్యేలా సిస్టమ్‌డీ అమరికలో షరతు పెట్టాలి. అడుగునున్న ఖాళీ డైరెక్టరీలో ఎవరూ రాయలేని విధంగా దానిని బిగించాలి.

8.2 మూడు ఊళ్ళు, మూడు పాళ్ళు:

గుప్తీకరణలో దొంగతనం కంటే పెద్ద ప్రమాదం తాళంచెవి పోవడం. సంకేతవాక్యం తెలిసిన ఒక్క వ్యక్తి పదవీవిరమణ చేసినా, మరణించినా పరిశోధనా సంపద శాశ్వతంగా మూతపడుతుంది. అందరికీ చెబితే రహస్యం నిలవదు. ఈ సందిగ్ధానికి 1979లో ఆది షమీర్ ఒక గణిత పరిష్కారం చూపాడు.

ఒక సరళరేఖ నిలువు అక్షాన్ని తాకే బిందువును రహస్యం అనుకొందాం. ఆ రేఖ మీద మూడు బిందువులను తీసుకొని ముగ్గురికి పంచాలి. ఒక బిందువు గుండా ఎన్నయినా రేఖలు గీయవచ్చు కనుక ఒక్కరికి రహస్యం గురించి ఏమీ తెలియదు. ఏ ఇద్దరు కలిసినా రేఖ స్థిరపడుతుంది, రహస్యం బయటపడుతుంది. మూడింట ఏ రెండైనా చాలును గనుక ఒకటి పోయినా నష్టం లేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో క్షేత్రకేంద్రాలున్న ఒక పరిశోధన పథకాన్ని ఊహిస్తే ఈ పద్ధతి ఎంత అనుకూలమో తెలుస్తుంది. నిత్య నిర్వహణకు ఒక అరలో ఒక సంకేతవాక్యం ఉంటుంది. ఆపద్ధర్మంగా రెండో అరకు మరొక సంకేతవాక్యం పెట్టి, దానిని మూడు పాళ్ళు చేసి కాగితం మీద ముద్రించి, మూడు ఊళ్ళలోని బాధ్యుల దగ్గర మూసిన కవర్లలో ఉంచవచ్చు. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ప్రకాశం బరాజ్ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చినప్పుడు రేపల్లె వైపు లంకగ్రామాలు ముంపుకు గురయ్యాయి. బాపట్లకు సముద్రం దగ్గర. తెనాలి లోపలికి ఉంది. ఒకే ఆపద మూడు చోట్లనూ ఒకేసారి తాకే అవకాశం తక్కువే గాని బొత్తిగా లేకపోలేదు. కాబట్టి గుప్తీకరించిన బ్యాకప్ ఒకటి డెల్టా వెలుపల ఉండటం అవసరం. పాలు, బ్యాకప్, సర్వర్ ఒకే గదిలో ఉండరాదు. ఏడాదికొకసారి ఇద్దరు కవర్లు తెచ్చి, బ్యాకప్‌ను మరొక యంత్రంలో తెరచి చూడాలి. తెరచి చూడని బ్యాకప్‌ను నమ్మడానికి వీలులేదు.

9. ముగింపు:

పై చర్చ ద్వారా తేలిన అంశాలు ఇవి.

- క్షేత్రపరిశోధన సమాచారం సమాచారదాతల జీవితాలతో ముడిపడి ఉంది. దాని భద్రత పరిశోధన నైతికతలో భాగం. స్టూవర్టుపురం చరిత్ర ఈ విషయాన్ని బలంగా నిరూపిస్తోంది.

- ఫైల్ వ్యవస్థ గుప్తీకరణ ఆగి ఉన్న యంత్రాన్ని, చేతులు మారిన డిస్క్‌ను కాపాడుతుంది. నడుస్తున్న సర్వర్‌లోకి చొరబడినవారి నుంచి కాపాడదు. అందుకు పేర్ల స్థానంలో సంఖ్యలు వాడటం, అనుమతుల నియంత్రణ, ముఖ్యమైన గడుల గుప్తీకరణ తోడు కావాలి.

- డేటాబేస్ జాడలు అనేక చోట్ల పడతాయి కనుక డిస్క్ అంతటి గుప్తీకరణ మేలు. బ్యాకప్‌ను విడిగా గుప్తీకరించాలి.

- తెలుగు లిపికి ఎక్కువ బైట్‌లు అవసరం కావడం వల్ల కొన్ని పద్ధతుల్లో ఫైలు పేర్లు పట్టవు. ఆరంభంలోనే సంఖ్యారూపమైన పేర్లు పెట్టుకోవాలి.

- తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండరాదు, అందరి దగ్గరా ఉండరాదు. మూడింట రెండు పాళ్ళ పద్ధతి ఈ ప్రాంత పరిస్థితులకు తగినది.

సమాచారదాత పరిశోధకుడికి మాట చెబుతున్నప్పుడు అతని సర్వర్‌ను గురించి అడగడు. మనిషిని చూసి నమ్ముతాడు. సిద్ధాంత గ్రంథం సమర్పించి పట్టం పొందిన తరువాత కూడా ఆ మాట డిస్క్‌లో ఉంటుంది. విభాగాలు పరిశోధన ప్రణాళికను ఆమోదించే దశలోనే సమాచార నిల్వ, గుప్తీకరణ, తాళంచెవి బాధ్యత, పరిశోధన ముగిసిన తరువాత సమాచారాన్ని ఏం చేయాలన్న నిర్ణయం గురించి ఒక పుట రాయించుకొంటే ఆ నమ్మకానికి తగిన ఆచరణ ఏర్పడుతుంది.